అత్తమ్మ టీవీ పెడితే ఆయనకు నెట్ పోతోంది

ప్రశ్న: మాది తిరుపతి, భవానీ నగర్. కింద అత్తమ్మ, మామయ్య ఉంటారు, పైన మేము. నెట్ పెట్టె కింద హాల్లో ఉంది. డిష్ తీసేశాం, టీవీ కూడా వైఫై మీదే నడుస్తుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు అత్తమ్మ ఎస్వీబీసీ పెట్టుకొని శ్రీవారి కల్యాణోత్సవం చూస్తారు. సరిగ్గా అప్పుడే పైన మా ఆయన ల్యాప్‌టాప్‌లో నెట్ పోతుంది. ఆ టైముకే ఆయనకు ఆఫీసు మీటింగ్. ఈ నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్‌కూ ఇదే ఐపీ అడ్రస్ ఉందని ఇంగ్లీషులో ఒక మెసేజ్ వస్తోంది. టీవీ కూడా మధ్యమధ్యలో గిర్రున తిరుగుతూ ఆగిపోతోంది. పెట్టె ఆపి వేస్తే ఆ పూటకు బాగుంటుంది, మర్నాడు మళ్ళీ అదే కథ. మూడు వారాల కిందట పాత పెట్టె తీసి కొత్తది పెట్టారు, ఇదంతా అప్పటినుంచే. ఫోన్ చేస్తే ప్లాన్ పెంచుకోమంటున్నారు. ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, టీవీ, ప్రింటర్, కెమెరాల డీవీఆర్ ఉన్నాయి. పైకి సిగ్నల్ అందదని ఇంకో చిన్న రూటర్ కూడా పెట్టాం. "నేను స్వామి కల్యాణం చూసుకుంటా ఉంటే మీ ఆఫీసుకేం నొప్పి?" అని అత్తమ్మ, టీవీ మార్చేద్దామని ఈయన. మధ్యలో నాకు టెన్షన్. ఏం చేయమంటారు? (పేరు వేయొద్దు)

జవాబు: అమ్మా, ప్లాన్ పెంచకండి, టీవీ మార్చకండి. ఈ గొడవ తీరడానికి ఆ రెండూ అక్కర్లేదు. వంద ఎంబీపీఎస్ తీసుకున్నా వెయ్యి తీసుకున్నా, ఒకే ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌లో ఒక్కో వస్తువుకూ ఉండే నంబర్, పట్టుకొని ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ సరిగా అందదు. మీ ఉత్తరంలో మూడు ముక్కలు నాకు పనికొచ్చాయి. టీవీ పెట్టినప్పుడే నెట్ పోతోంది, పెట్టె మారిన తర్వాతే మొదలైంది, ఆపి వేస్తే ఆ పూటకు కుదురుకుంటోంది. మూడూ కలిపి చూస్తే నా అనుమానం టీవీ మీదికే పోతోంది. దాన్ని గోడకు బిగించిన రోజున ఎవరో అందులో చేత్తో ఒక ఐపీ అడ్రస్ కొట్టి వెళ్ళి ఉండాలి.

మన ఊరి లెక్కలో చెబుతాను. కొండ మీద గది కావాలంటే సీఆర్వో ఆఫీసుకు పోతాం. అక్కడ గది కేటాయించి, గడువు పెట్టి ఇస్తారు. ఏ గదిలో ఎవరున్నారో కౌంటర్‌కు తెలుసు. ఇప్పుడు ఊరికే ఊహించుకోండి, అక్కడ నిజంగా ఇట్లా జరుగుతుందని కాదు. ఒకాయన కౌంటర్ మొహం చూడకుండా, ఎప్పటిదో తాళంచెవి జేబులో వేసుకొచ్చి నేరుగా 5వ నంబర్ గదిలో దిగాడు. స్నానం చేసి, తలుపేసుకొని దర్శనానికి పోయాడు. కౌంటర్ వాళ్ళు వచ్చి తలుపు తట్టారు, ఎవరూ పలకలేదు. పుస్తకంలోనూ ఎవరి పేరూ లేదు. ఖాళీయే కదా అని ఇంకో కుటుంబానికి రాసిచ్చారు. మధ్యాహ్నం ఈయన లడ్డూల సంచి పట్టుకొని తిరిగొచ్చాడు. ఇంక చూసుకోండి.

మీ ఇంట్లో ఆ కౌంటర్ నెట్ పెట్టె. అందులోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు వైఫైలోకి వచ్చే ప్రతి ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఒక ఐపీ అడ్రస్ రాసిస్తుంది, దానికి గడువు పెడుతుంది. గడువులో సగం కాగానే ఫోను తనంతట తనే అడిగి పొడిగించుకుంటుంది. మనం పట్టించుకోవాల్సిన పనే ఉండదు. తాళంచెవి జేబులో వేసుకొచ్చిన పెద్దమనిషి టీవీ. రాత్రి టీవీని గోడ దగ్గరి స్విచ్ దాకా ఆపేస్తారనుకుంటా, మన పెద్దవాళ్ళందరిదీ అదే అలవాటు. పొద్దున ల్యాప్‌టాప్ వచ్చి నంబర్ అడిగేసరికి టీవీ నిద్రలో ఉంటుంది. ఉదాహరణకు 192.168.1.5 ఖాళీ అనుకొని పెట్టె దాన్ని ల్యాప్‌టాప్‌కు ఇచ్చేస్తుంది. పన్నెండుకు అత్తమ్మ రిమోట్ నొక్కుతారు. టీవీ లేచి, ఎవరినీ అడక్కుండా, 5 నాదే అంటుంది.

మరి పాత పెట్టె ఉన్నప్పుడు ఈ తగువు ఎందుకు లేదు? పాతది బహుశా 100 నుంచి పంచుతూ ఉండేది. టీవీ నంబర్ ఆ వరుసలో లేదు కాబట్టి ఎవరి గదిలోకీ ఎవరూ పోలేదు. కొత్తది 2 నుంచే మొదలుపెట్టి పంచుతూ ఉండొచ్చు. అది పెట్టె లోపం కాదు, పెట్టినవాళ్ళ లోపం కూడా కాదు. ఎక్కడినుంచి ఎక్కడిదాకా పంచాలన్నది ఒక్కో పెట్టెలో ఒక్కో రకంగా ఉంటుంది. టీవీ వెలుగుతుండగా పెట్టె ఆపి వేస్తే ల్యాప్‌టాప్ మళ్ళీ నంబర్ అడుగుతుంది. ఈసారి 5లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది కాబట్టి వేరేది దొరుకుతుంది. మర్నాడు పొద్దున టీవీ మళ్ళీ నిద్రలో ఉంటుంది, కథ మొదటికొస్తుంది.

అప్పుడు లోపల ఏం జరుగుతుందంటే, ల్యాప్‌టాప్‌కు ఏదైనా అందించాలంటే పెట్టె ముందు "192.168.1.5 ఎవరు?" అని ఇంటినిండా కేకేస్తుంది. 1982లో రాసుకున్న ఏఆర్‌పీ అనే పద్ధతి ఇది. నేనే అన్నవాడిని నమ్మి వాడికి ఇచ్చేస్తుంది, గుర్తింపు కార్డు అడగదు. మీ ఇంట్లో ఇద్దరు పలుకుతున్నారు. ఒకసారి మీటింగ్‌లో మాట టీవీకి పోతుంది, ఇంకోసారి కల్యాణోత్సవం ముక్క ల్యాప్‌టాప్‌కు పోతుంది. తనది కాని దాన్ని ఏదీ వాడుకోలేదు, పారేస్తుంది. అక్కడ ఆయన మొహం గడ్డకట్టడం, ఇక్కడ టీవీ గిర్రున తిరగడం ఇందుకే. వైఫై గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే సిగ్నల్‌కు ఏమీ కాలేదు. ఇద్దరూ కొట్టుకుంటున్న సంగతి ల్యాప్‌టాప్ కనిపెట్టి చెబుతుంది. చాలా టీవీలు, కెమెరాలు నోరు మెదపవు. అందుకని గొడవ ఎప్పుడూ ల్యాప్‌టాప్‌దే అనిపిస్తుంది.

నా అనుమానం సరైనదో కాదో రేపు పదకొండున్నరకు తేల్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో విండోస్ బటన్ నొక్కి, సీ ఎమ్ డీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో ఒకే మాటగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఆల్ అనండి. బోలెడు వరుసలు వస్తాయి, కంగారు పడకండి. వైఫై అని ఉన్న భాగంలో ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస, డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అన్న వరుస, డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుస, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, కిందికి వెళ్ళి టీవీ పెట్టండి. సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్, అందులో మీ వైఫై పేరు మీద నొక్కితే టీవీ ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. రెండు నంబర్లూ చివరి అంకె దాకా ఒకటే అయితే దొంగ దొరికినట్టే. అదే పేజీలో ఐపీ సెట్టింగ్స్ అన్నచోట స్టాటిక్ అనో మాన్యువల్ అనో ఉంటుంది చూడండి.

ఒకవేళ టీవీలో అది ఆటోమేటిక్‌గానే ఉండి, ల్యాప్‌టాప్‌లో డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ ఎదురుగా నో అని ఉంటే, తాళంచెవి మీ ఆయన జేబులోనే ఉందన్నమాట. ఎప్పుడో ఆఫీసు వాళ్ళు చేసిన సెట్టింగ్ అట్లాగే ఉండిపోవడం నేను చూశాను. అలాగైతే అత్తమ్మకు ఒక కాఫీ బాకీ.

టీవీదే అని తేలితే, ఆ ఐపీ సెట్టింగ్స్‌లో స్టాటిక్ తీసేసి డీహెచ్‌సీపీ అని పెట్టండి. కొన్ని టీవీల్లో ఆటోమేటిక్ అని ఉంటుంది, రెండూ ఒకటే. ఆ మార్పు చేసే చోటు దొరక్కపోతే వైఫై పేరు మీద ఫర్గెట్ నొక్కి, మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టి కలపండి. చాలా టీవీల్లో దాంతోనే చేత్తో కొట్టిన నంబర్ చెరిగిపోతుంది. తర్వాత టీవీ ఒకసారి ఆపి వేయండి, ల్యాప్‌టాప్ వైఫై మళ్ళీ వేయండి. మెసేజ్ ఇంకా వదలకపోతే అదే నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ. మొదటిదానితో పాత గది ఖాళీ చేస్తుంది, రెండోదానితో కౌంటర్ దగ్గరికి పోయి కొత్తది తీసుకుంటుంది. ఇంతటితో మీ పన్నెండు గంటల గొడవ తీరిపోవాలి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చిత్తూరులో ఉన్నప్పుడు మా ప్రింటర్‌కు నేనే చేత్తో 192.168.1.10 కొట్టాను, మర్చిపోకుండా చీటీ రాసి దాని అడుగున అంటించాను కూడా. రెండేళ్ళ తర్వాత మా అబ్బాయి ఫోన్‌కు వైఫై కలుస్తుంది, నెట్ రాదు. ఒక ఆదివారమంతా కనెక్షన్ ఇచ్చినవాళ్ళను తిట్టుకుంటూ గడిపాను. సాయంత్రం కార్ట్రిడ్జ్ మార్చడానికి ప్రింటర్ తిప్పితే నా చేతిరాతే కనిపించింది. ఆ రోజునుంచి మా ఇంట్లో ఏ వస్తువులోనూ నంబర్ చేత్తో కొట్టనివ్వను. పంచే పని పెట్టెదే.

అట్లాగని ప్రింటర్‌కు రోజుకో నంబర్ మారితే కుదరదు, కంప్యూటర్ దాన్ని పాత చోట వెతుక్కుంటుంది. దానికి పెట్టెలోనే ఏర్పాటు ఉంది. చాలా పెట్టెల్లో అడ్రస్ రిజర్వేషన్ అంటారు, కొన్నిట్లో స్టాటిక్ లీజ్ అని ఉంటుంది. ప్రతి యంత్రానికీ తయారైనప్పుడే పడ్డ గుర్తు ఒకటి ఉంటుంది, మ్యాక్ అడ్రస్ అని, పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసి. ఫలానా మ్యాక్ ఉన్నవాడు వస్తే ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వు అని పెట్టెకు చెప్పి పెడతాం. నంబర్ మారదు, అది ఎవరిదో కౌంటర్‌కూ తెలుసు. ప్రింటర్‌కు ఇది చేస్తే చాలు. ఫోన్ల జోలికి పోకండి. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్లలో ఐఓఎస్ 14 వచ్చినప్పటినుంచి ఫోన్లు అసలు మ్యాక్ చూపించకుండా వేషం మార్చి వస్తున్నాయి. రిజర్వేషన్ చేస్తే ఆ వేషానికి చేసినట్టవుతుంది.

డీవీఆర్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. కెమెరాలు బిగించేవాళ్ళు దానికి చాలాసార్లు చేత్తోనే నంబర్ కొడతారు, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంటుంది. మీరు మారిస్తే ఫోన్‌లో కెమెరాలు కనిపించకుండా పోవచ్చు. అందుకని దాన్ని కదపకుండా, పెట్టె పంచే వరుసను జరపండి. బ్రౌజర్‌లో పైన 192.168.1.1 కొట్టండి. మీ పెట్టె అడ్రస్ వేరే కావచ్చు, నల్ల కిటికీలో డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్నదే అది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ అన్న పేజీలో మొదటి నంబర్, చివరి నంబర్ అని రెండు గళ్ళుంటాయి. అక్కడ 100, 199 పెట్టి సేవ్ చేయండి. వంద మందికి గదులు, మీ ఇంటికి ఎక్కువే. 2 నుంచి 99 దాకా చేత్తో కొట్టిన నంబర్ల కోసం వదిలేసినట్టు. ఏదైనా మార్చేముందు ఆ పేజీని ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. పేజీ తెరుచుకోకుండా తాళం వేసి ఉంటే కనెక్షన్ ఇచ్చినవాళ్ళను అడగండి. ఈసారి ప్లాన్ సంగతి ఎత్తకుండా, డీహెచ్‌సీపీ రేంజ్ 100 నుంచి 199 పెట్టండి అని సూటిగా చెప్పండి.

పెట్టె వెనకాల పిన్నుతో నొక్కే చిన్న రీసెట్ బొక్క ఉంటుంది. దాని జోలికి మాత్రం పోవద్దు. కనెక్షన్ ఇచ్చినవాళ్ళు లోపల పెట్టిన యూజర్ నేమ్, సెట్టింగ్‌లు అన్నీ చెరిగిపోవచ్చు, అప్పుడు వాళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు.

ఇక పైన పెట్టిన చిన్న రూటర్. మీ ప్రశ్నలో దాన్ని చివర్లో ఒక్క మాటలో అనేశారు కానీ, టీవీ నిర్దోషి అని తేలితే నేను ముందు పట్టుకునేది దాన్నే. కింది పెట్టెనుంచి వచ్చిన వైరు దాని వెనకాల ల్యాన్ అని రాసి ఉన్న పోర్టులో గుచ్చి, దాని డీహెచ్‌సీపీని ఆపకపోతే ఇంట్లో రెండు కౌంటర్లు తెరిచినట్టే. ఒకరి పుస్తకం ఒకరికి తెలియదు, ఇద్దరూ అవే నంబర్లు రాసిస్తారు. ఇంకా ఘోరం, రెండింటి సొంత అడ్రస్ కూడా 192.168.1.1 అయితే కౌంటర్‌కే కౌంటర్ పోటీ, ఉన్నట్టుండి అందరికీ పోతుంది. ల్యాప్‌టాప్‌లో రాసుకున్న డీహెచ్‌సీపీ సర్వర్ వరుసను కింద హాల్లో ఒకసారి, పైన గదిలో ఒకసారి చూడండి. వేర్వేరు నంబర్లు వస్తే పైది కూడా సొంతంగా పంచుతోందన్నమాట. ఒకటే నంబర్ వచ్చినంత మాత్రాన నమ్మకండి, రెండు రూటర్లదీ ఒకే అడ్రస్ అయినా అట్లాగే కనిపిస్తుంది. అందుకని పైదాని లోపలికి వెళ్ళి చూడాల్సిందే.

పైదాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకోండి, అంతా అదే చూసుకుంటుంది. లేకపోతే ఈ వరుసలోనే చేయండి, తారుమారు చేస్తే మళ్ళీ లోపలికి పోవడం కష్టం. ముందు కిందినుంచి వచ్చే వైరు పీకేయండి. ల్యాప్‌టాప్‌ను పైదానికి కలిపి, దాని సొంత అడ్రస్‌ను 192.168.1.2కి మార్చండి. ఆ 2 ఇంట్లో ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. మార్చగానే పేజీ తెగిపోతుంది, కొత్త నంబర్ కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళండి. అప్పుడు డీహెచ్‌సీపీ ఆపేయండి. ఆఖరున వైరు తెచ్చి ల్యాన్ పోర్టులో గుచ్చండి, వ్యాన్ అని రాసి ఉన్నదాంట్లో కాదు. మీ కింది పెట్టె అడ్రస్ 192.168.1తో కాకుండా వేరే దాంతో మొదలైతే, పైదానికీ చుక్కల మధ్య ఉన్న ఆ మొదటి మూడు నంబర్లే ఉంచి చివరిది మాత్రం 2 చేయాలి.

తిరుపతిలో ఇల్లంటే చుట్టాలకు కొండ ఎక్కేముందు మజిలీ కదా. బ్రహ్మోత్సవాలప్పుడు పది మంది దిగితే పది ఫోన్లు మీ వైఫైలో చేరతాయి. వాళ్ళు కొండెక్కిపోయినా ఆ నంబర్లు గడువు తీరేదాకా వాళ్ళ పేరు మీదే ఉంటాయి. పంచే వరుస మరీ చిన్నగా ఉన్న పెట్టెల్లో అప్పుడు ఇంటివాళ్ళ ఫోన్లకే నంబర్ దొరకదు. మీరు వంద పెట్టుకుంటే ఆ బెంగ లేదు. అట్లా నంబర్ దొరకనప్పుడు విండోస్ తనకు తనే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. ఎప్పుడైనా అది కనిపిస్తే ఈ తగువు అనుకోకండి. కౌంటర్ పలకలేదని అర్థం, పెట్టెనో వైరునో చూడాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా కొన్ని పెట్టెలు ఎవరికి ఏది ఇచ్చాయో మర్చిపోయి మొదటినుంచి పంచుతాయి. ఇన్వర్టర్ ఉంటే పెట్టె ప్లగ్ దానిమీదికి మార్చండి, పైన ఉన్న చిన్న రూటర్‌ది కూడా.

రేపు టీవీ దగ్గరికి వెళ్ళేది మాత్రం కల్యాణోత్సవం మొదలయ్యేలోపే వెళ్ళండి. మధ్యలో రిమోట్ అడిగితే అత్తమ్మ ఇవ్వరు. నంబర్లు కలవకపోతే, టీవీది, ల్యాప్‌టాప్‌ది, డీవీఆర్‌ది మూడూ రాసి పంపండి, పైన కింద చూసిన డీహెచ్‌సీపీ సర్వర్ నంబర్లు కూడా. అప్పుడు పై రూటర్ సంగతి చూద్దాం.